టెన్త్ మెమో చేతికొచ్చాక: సీమ పిల్లలకు ఐటీఐ, డిప్లొమా, అప్రెంటిస్ దారులు

పది ఫలితాలు వచ్చిన వారానికే కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో, అనంతపురం సప్తగిరి సర్కిల్లో, కడప ఏడురోడ్ల దగ్గర ఎటు చూసినా కాలేజీల ఫ్లెక్సీలే. ఇంట్లో మాట "ఎంపీసీనా, బైపీసీనా" దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. చెనిక్కాయ విత్తనం పనులు నెత్తిమీదికి వచ్చే రోజులు, చేతిలో డబ్బు తక్కువ, చుట్టాల సలహాలు ఎక్కువ. ఆ హడావుడిలో చాలా ఇళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పిల్లకో పిల్లవాడికో పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి చేతిలో ఏ సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని చూసి పని ఇచ్చేది ఎవరు?

ఇంటర్ గురించి చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఈ పోస్టు ఐటీఐ (చేతిపని నేర్పే పారిశ్రామిక శిక్షణ సంస్థ), పాలిటెక్నిక్ డిప్లొమా, వాటి తర్వాత ఫ్యాక్టరీలో స్టైపెండ్‌తో చేసే అప్రెంటిస్ శిక్షణ గురించి. ఐటీఐ అంటే చదువు రాని పిల్లలు పోయే చోటని మన జిల్లాల్లో ఇంకా అంటూనే ఉన్నారు. ఆ మాట విని చేతిపనిలో చురుకైన పిల్లలు ఇష్టం లేని గ్రూపులో రెండేళ్లు పోగొట్టుకుంటున్నారు. ఐటీఐలో చేరినవాళ్లు నష్టపోయేది ఇంకోచోట: కోర్సు అయిన మర్నాడే ఫ్యాక్టరీలకు మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ కింద పనికి పోయి, అప్రెంటిస్ ఏడాదిని వదిలేసుకోవడంలో. ఈ ఒక్క విషయం తల్లిదండ్రులకు తెలిస్తే చాలా ఇళ్ల లెక్క మారుతుంది.

పది మార్కులు ఎంతకాలం వెంట వస్తాయి

పాసైతే చాలు, మార్కులు ఇంటర్‌తో మరుగున పడిపోతాయని అనుకుంటారు. డిగ్రీ దాకా పోయేవాళ్ల విషయంలో అది కొంతవరకు నిజం. ఐటీఐ దారిలో మాత్రం పది మెమో పదేళ్లు వెంట ఉంటుంది. రైల్వే అప్రెంటిస్ ఎంపికకు రాతపరీక్ష లేదు. పది మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. పదిలో కనీసం 50 శాతం, అంటే 600కు 300 ఉండాలి. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకూ పరీక్ష ఉండదు, పది మార్కుల మెరిటే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ సీటూ అంతే.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. మన బోర్డులో మిగతా సబ్జెక్టులకు 35 రావాలి గానీ హిందీలో 20 వస్తే పాస్. ఆర్మీలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి మొత్తం మీద 45 శాతంతో పాటు ప్రతి సబ్జెక్టులోనూ 33 ఉండాలి. హిందీలో 25 వచ్చిన కుర్రాడు బోర్డు లెక్కలో పాసే, ఆర్మీ లెక్కలో అనర్హుడు. పొద్దున్నే గ్రౌండుకు పోయి నెలల తరబడి పరుగు సాధన చేసిన తర్వాత ఈ సంగతి బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు. ఇప్పుడు తొమ్మిదిలో, పదిలో ఉన్న పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి: హిందీని 20 కోసం చదవొద్దు.

మంచి మార్కులు వచ్చిన పేదింటి పిల్లలకు మొదట చూడాల్సింది ట్రిపుల్ ఐటీయే. 2008లో మొదలైన ఈ సంస్థలో ఆరేళ్ల చదువు ఉంటుంది: రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్, హాస్టల్‌తో సహా. ఒకే దరఖాస్తుతో ఇడుపులపాయ, నూజివీడు, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగింటికీ పోటీ పడొచ్చు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు వెనుకబాటు స్కోరు అదనంగా కలుస్తుంది, అందుకే స్టడీ సర్టిఫికెట్లు సరిగ్గా ఉండాలి. ఇంటరే చదవాలనుకునే పిల్లలకు ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల కోసం ఏపీఆర్‌జేసీ పరీక్ష ఉంది. అమ్మాయిలకు ఎమ్మిగనూరు దగ్గర బనవాసి, అబ్బాయిలకు హిందూపురం వైపు కొడిగెనహళ్లి మన దగ్గరివి. ప్రైవేటు హాస్టల్ ఫీజు కట్టే ముందు ఈ రెండూ చూడండి.

పాలిసెట్, డిప్లొమా

డిప్లొమా మూడేళ్లు. దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్, 120 మార్కులకు రెండు గంటలు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి సిలబస్సే, తప్పు రాస్తే మార్కు కోత లేదు. కనీస మార్కులు వస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. ర్యాంకు రావడం సులువు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కావాల్సిన బ్రాంచి రావడానికి మాత్రం లెక్కల్లో 50కి 40 దాటాలని పెట్టుకుని చదవాలి. పరీక్ష పబ్లిక్ పరీక్షలు అయిన కొద్ది వారాలకే ఉంటుంది. లెక్కలు మర్చిపోకముందే రోజుకు ఒక పాత పేపరు గడియారం పెట్టుకుని చేస్తే చాలు, లాంగ్‌టర్మ్ కోచింగ్ అవసరం లేదు.

కర్నూల్లో జి. పుల్లారెడ్డి ప్రభుత్వ పాలిటెక్నిక్, నంద్యాలలో ఈఎస్‌సీ పాలిటెక్నిక్, అనంతపురంలో, ప్రొద్దుటూరులో, తాడిపత్రిలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, అమ్మాయిలకు ప్రత్యేకంగా కడపలో, హిందూపురంలో మహిళా పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీకీ ప్రైవేటుకూ ఫీజులో తేడా చాలా ఎక్కువ. ల్యాబులు, వర్క్‌షాపు కూడా పాత ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలోనే గట్టిగా ఉంటాయి.

సీట్లు చేజారేది ఎక్కువగా వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచిలు ఆన్‌లైన్లో వరుసగా ఇచ్చే చోట. ఐదారు ఆప్షన్లు ఇచ్చి ఆగిపోతారు. ర్యాంకును బట్టి మీరు ఇచ్చిన వరుసలో పైనుంచి కిందికి చూసి, దొరికిన మొదటి సీటు ఇస్తారు. కాబట్టి ఎక్కువ ఆప్షన్లు ఇవ్వడం వల్ల నష్టమేమీ లేదు. వరుస తప్పితేనే నష్టం. కాగితం మీద ముందు రాసుకుని, ఇంట్లో అందరూ చూశాక కంప్యూటర్లో ఎక్కించండి. సీటు వచ్చాక ఆన్‌లైన్లో రిపోర్టు చేయడం ఒకటి, కాలేజీకి పోయి రిపోర్టు చేయడం ఇంకొకటి. గడువులోపు రెండూ చేయాలి. ఒకటి చేసి రెండోది మరచిపోతే సీటు పోతుంది.

బ్రాంచి ఎంచుకునేటప్పుడు తర్వాతి ఉద్యోగం చూడండి. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు (రైలింజను నడిపే ఉద్యోగంలో మొదటి మెట్టు) మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమాలు పనికొస్తాయి. సివిల్, కంప్యూటర్ పనికిరావు. కేంద్రంలో ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజినీరు పరీక్షకు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ మూడూ సరిపోతాయి. బీటెక్‌కు పోవాలంటే ఈసెట్ రాసి రెండో ఏట చేరొచ్చు. ఈసెట్‌లో 200 మార్కుల్లో 100 బ్రాంచి సబ్జెక్టుకే, లెక్కలకు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు డిప్లొమా మొదటి ఏడాదిలో తడబడతారు. తెలివి తక్కువై కాదు. లెక్కల్లో త్రికోణమితి, కలనం (కాలిక్యులస్) ఒక్కసారిగా మీద పడతాయి, పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, హాజరు 75 శాతం తగ్గకూడదు. మొదటి మూడు నెలల్లో రోజూ ఒక గంట లెక్కలు, పది కొత్త సాంకేతిక పదాలు నోట్సులో రాసుకోవడం, ఈ రెండూ చేసిన పిల్లలు రెండో ఏటికి తేరుకుంటారు. మొదటి ఏటి సబ్జెక్టులు మిగుల్చుకున్నవాళ్లకు చివరి ఏడాది పరిశ్రమ శిక్షణ సమయంలో కూడా అవే మెడకు చుట్టుకుంటాయి.

ఐటీఐ: ట్రేడు కంటే ముందు వర్క్‌షాపు చూడండి

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, మోటార్ మెకానిక్ రెండేళ్ల ట్రేడులు (ట్రేడు అంటే నేర్చుకునే పని). వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) ఏడాది ట్రేడులు. వెల్డర్, వైర్‌మన్ ట్రేడులకు ఎనిమిది పాసైనా చేరొచ్చు, అంటే పది తప్పినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. ఎంపిక మార్కుల మెరిట్‌తోనే, ఆన్‌లైన్ దరఖాస్తు, తర్వాత కౌన్సెలింగ్. మొదటి విడతలో సీటు రాకపోతే రెండో విడత ఉంటుంది, కంగారుపడి ప్రైవేటులో డబ్బు కట్టేయకండి.

చేరే ముందు ఒక పూట తీసుకుని వర్క్‌షాపులోకి పోయి చూడండి. ఎలక్ట్రీషియన్ షాపులో కనిపించాల్సినవి: పనిచేసే త్రీఫేజ్ మోటార్లు, డీఓఎల్ స్టార్టరు, స్టార్ డెల్టా స్టార్టరు, మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచేది), క్లాంప్ మీటరు (కరెంటు ఆంపియర్లు కొలిచేది), వైండింగు చేయడానికి విప్పిపెట్టిన స్టేటర్లు (మోటారులో తీగ చుట్టే భాగం), నిజంగా తవ్విన ఎర్త్ పిట్. ఫిట్టర్ షాపులో మనిషికో బెంచ్ వైస్ ఉందా, సన్నని కొలతలు తీసే వెర్నియర్, మైక్రోమీటరు పిల్లల చేతుల్లో ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా చూడండి. లేత్ మీద దుమ్ము పేరుకుని ఉంటే అది ఎవరూ తిప్పడం లేదని అర్థం. సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు అడిగి చూడండి. అందరి రికార్డుల్లో ఒకే చేతిరాత కనిపిస్తే వెనక్కి తిరగండి.

"రోజూ రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఎవరైనా చెప్తే అక్కడ చేర్చొద్దు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. ప్రాక్టికల్లో 60 శాతం వస్తేనే పాస్, థియరీకి 33 చాలు. ఈ లెక్కలోనే తెలుస్తుంది ఇది చేతి చదువని. రాకుండా పాసైనవాడికి సర్టిఫికెట్ ఉంటుంది గానీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రేడ్ టెస్టులో వెర్నియర్ చదవమంటే దొరికిపోతాడు. సంస్థకు, ఆ ట్రేడుకు, ఆ యూనిట్‌కు (బ్యాచ్‌కు) కేంద్ర గుర్తింపు ఉందో లేదో స్కిల్ ఇండియా పోర్టల్లో చూసుకోండి. సంస్థకు ఉండి మీ ట్రేడుకు లేకపోయే అవకాశమూ ఉంది.

ట్రేడు ఎంపికలో ఒక జాగ్రత్త. అసిస్టెంట్ లోకో పైలట్ అర్హతల్లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వైర్‌మన్, డీజిల్ మెకానిక్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రానిక్ మెకానిక్ లాంటివి ఉన్నాయి. వెల్డర్, కోపా లేవు. అమ్మాయిలను దాదాపు అలవాటుగా కోపాలో చేర్పిస్తారు, కంప్యూటర్ అంటే నీడపట్టున పని అని. ఎలక్ట్రానిక్ మెకానిక్‌లోనో ఎలక్ట్రీషియన్‌లోనో చేర్పిస్తే ఆ అమ్మాయికి రైల్వే, విద్యుత్ సంస్థలు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు అన్నీ తెరుచుకుంటాయి. ఒకటే ఏడాది తేడా.

ఎలక్ట్రీషియన్‌కు మన సీమలో ఉన్నంత పని మరే ట్రేడుకూ లేదని నా అభిప్రాయం. కారణం బోర్లు. అనంతపురం పల్లెల్లో వందల అడుగుల లోతున సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఉంటాయి, అవి ఏడాదికోసారైనా పైకి రావాల్సిందే. కాలిపోవడానికి కారణాలు పెద్దగా మారవు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉండి, మిగిలిన రెండు వైండింగులు వేడెక్కి మాడిపోతాయి. నీళ్లు అడుగంటితే ఉత్తినే తిరిగి బేరింగులు పోతాయి. ఇసుక వస్తే థ్రస్ట్ బేరింగు అరుగుతుంది. వోల్టేజీ తక్కువున్నప్పుడు మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, స్టార్టరు ట్రిప్ అవుతుంది, రైతు విసిగిపోయి ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల కంటే పైకి తిప్పించుకుంటాడు. ఇక ట్రిప్ కాదు, మోటారే కాలుతుంది. చదువుకున్న ఎలక్ట్రీషియన్ విలువ తెలిసేది ఇక్కడే. మోటారు దించే ముందు 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషన్ చూస్తాడు, ఒక మెగాఓమ్ కంటే తక్కువుంటే దించనివ్వడు. దించాక మూడు ఫేజుల ఆంపియర్లు క్లాంప్ మీటరుతో విడివిడిగా చూసి రాసిపెడతాడు. ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, నీళ్లు లేకపోతే ఆపే డ్రై రన్ రిలే పెట్టించుకోమని రైతుకు నచ్చజెప్తాడు. ఇవన్నీ రెండేళ్ల సిలబస్సులో ఉన్నవే. రివైండింగు షాపులో సాయంత్రాలు కూర్చునే అవకాశం దొరికితే రెండో ఏడాదిలో తప్పకుండా కూర్చోవాలి. నీళ్లు నిండే మోటారుకు ప్లాస్టిక్ పూత తీగ వాడతారు, ఆయిల్ నిండే మోటారుకు ఎనామెల్ తీగ. ఈ రెంటినీ విడదీసి చూడటం షాపులోనే అలవాటవుతుంది.

వైరింగు పనులు చేయాలంటే వైర్‌మన్ పర్మిట్ తీసుకోవాలి, దాన్ని రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులకు 2019లో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ అడిగారు, స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు, సైకిల్ తొక్కడం పరీక్షించారు. మళ్లీ ఎప్పుడు నోటిఫికేషన్ వచ్చినా స్తంభం ఎక్కడం రెండు వారాల్లో వచ్చే విద్య కాదు.

సోలారు ఇంకో పెద్ద అవకాశం. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017 నుంచి నడుస్తోంది, నంబులపూలకుంట, గాలివీడు వైపు కూడా పార్కులున్నాయి. అక్కడ పనిచేయాలంటే డీసీ కరెంటు సంగతి బాగా తెలియాలి. ప్యానెళ్ల వరుసలో వెయ్యి వోల్టులు, అంతకంటే ఎక్కువ డీసీ ఉంటుంది. లోడు మీద ఉండగా కనెక్టరు లాగితే ఆర్క్ వస్తుంది, ఏసీ లాగా అది తనంతట ఆరదు. ముందు ఇన్వర్టరు, తర్వాత డీసీ ఐసొలేటరు ఆపి, క్లాంప్ మీటరులో సున్నా చూశాకే కనెక్టరు తీయాలి.

వెల్డర్‌కు ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం షట్‌డౌన్ (మరమ్మతుకు ఆపినప్పటి) పనులు ఉంటాయి. అయితే గేట్లు, గ్రిల్సు అతికించే స్థాయిలో ఆగిపోతే జీతం పెరగదు. 3.15 మిల్లీమీటర్ల 6013 రకం వెల్డింగు రాడ్డుకు 100 నుంచి 130 ఆంపియర్లు పెట్టుకుని నిలువు, తలపైన జాయింట్లు శుభ్రంగా రావడం మొదటి మెట్టు. ఆంపియర్లు ఎక్కువైతే అంచు కోసుకుపోతుంది, తక్కువైతే లోపల స్లాగ్ చిక్కుకుంటుంది, రాడ్లు తేమ పట్టి ఉంటే రంధ్రాలు వస్తాయి. ఆ తర్వాత టిగ్ (ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగు) నేర్చుకుని, 45 డిగ్రీల వంపులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వెల్డ్ చేసే 6జీ టెస్టు పాసవ్వాలి. పైపు వెల్డర్ కూలీ, గ్రిల్ వెల్డర్ కూలీ ఒకటి కాదు. అద్దం 10 లేదా 11 షేడు వాడాలి, చలవ కళ్లజోడుతో చేస్తే రాత్రికి కళ్లలో కారం కొట్టినట్టు మండుతుంది, ఏళ్ల తరబడి చేస్తే చూపే దెబ్బతింటుంది.

అప్రెంటిస్ ఏడాది

అప్రెంటిస్ అన్నది 1961 చట్టం కింద నడిచే శిక్షణ. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థా తన బలగంలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ చేసినవాళ్లకు 2019 నియమాల ప్రకారం నెలకు కనీసం 7,000 స్టైపెండ్, డిప్లొమాకు 8,000. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కేంద్రం తన వాటాగా నెలకు 1,500 వరకు నేరుగా పిల్లల ఖాతాలో వేస్తుంది.

ఏజెన్సీ కింద ఫ్యాక్టరీలో చేరితే మొదటి నెల నుంచే ఇంతకంటే ఎక్కువ వస్తుంది, నిజమే. 2019లో పెనుకొండలో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి, పనికి కొదువ లేదు. కానీ ఏజెన్సీ పనిలో ఏడాదంతా ఒకే మెషీను ముందు ఒకే బటను నొక్కడం ఉంటుంది, చివర చేతికి కాగితం రాదు. అప్రెంటిస్ అయితే చివర అఖిల భారత ట్రేడ్ టెస్టు రాసి, జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వే లెవెల్ 1 (అన్నిటికంటే కింది స్థాయి) ఉద్యోగాల్లో 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకే కేటాయిస్తారు. గుంతకల్లు డివిజను, గుత్తి డీజిల్ షెడ్డు మన గడపలో ఉండగా ఈ 20 శాతాన్ని వదులుకోవడం బాధాకరం. ఆ లెవెల్ 1 ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలో మగవాళ్లు 35 కిలోల బరువుతో 100 మీటర్లు రెండు నిమిషాల్లో, ఆడవాళ్లు 20 కిలోలతో అంతే దూరం అంతే సమయంలో నడవాలి. బరువు కింద పెట్టకూడదు. పరుగు వేరే: మగవాళ్లకు వెయ్యి మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 5 నిమిషాల 40 సెకన్లు.

చేయాల్సిన క్రమం ఇది. ఐటీఐ ఫలితం రాగానే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో ఆధార్‌తో నమోదు కావాలి, ట్రేడు సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా ఎక్కించాలి. తర్వాత సంస్థలను వెతికి దరఖాస్తు పెట్టాలి. రైల్వేకు సికింద్రాబాద్ రిక్రూట్‌మెంట్ సెల్ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, వయసు 15 నుంచి 24 మధ్య ఉండాలి. సంస్థ ఒప్పుకుంటే పోర్టల్లోనే కాంట్రాక్టు తయారవుతుంది. 18 నిండని పిల్లల తరఫున తల్లో తండ్రో ఒప్పుకోవాలి. డిప్లొమా వాళ్లకు దారి వేరు, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ పోర్టల్, దాన్ని మన ప్రాంతానికి చెన్నైలోని అప్రెంటిస్ శిక్షణ బోర్డు చూస్తుంది.

మోసం జరిగేది కాంట్రాక్టు దగ్గరే. చట్టప్రకారం అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. దీన్ని సాకుగా చేసుకుని మామూలు కూలీని "నువ్వు అప్రెంటిస్‌వి" అని నోటిమాటగా చెప్పి పీఎఫ్ ఎగ్గొట్టేవాళ్లున్నారు. పోర్టల్లో మీ పేరు మీద కాంట్రాక్టు నంబరు లేకపోతే మీరు అప్రెంటిస్ కారు, ఉద్యోగే. అప్పుడు పీఎఫ్‌కు సంబంధించిన యూఏఎన్ నంబరు, జీతం 21,000 లోపుంటే ఈఎస్‌ఐ నంబరు అడిగి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఏజెన్సీకీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి.

లోకో పైలట్ కావాలనుకునేవాళ్లు కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ పోస్టుకు రైల్వే పెట్టిన ఏ-వన్ వైద్య ప్రమాణంలో అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి, రంగులు సరిగ్గా గుర్తించాలి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా ఒప్పుకోరు. రాతపరీక్షలన్నీ పాసై చివర వైద్యంలో వెనక్కి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. ఐదు నిమిషాల కంటి పరీక్ష ముందే చేయిస్తే, ఆ కుర్రాడు టెక్నీషియన్ పోస్టుకు గురిపెట్టుకుంటాడు.

పదితోనే నేరుగా

వెంటనే సంపాదన కావాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి. గ్రామీణ డాక్ సేవక్‌కు 18 నిండాలి, సైకిల్ తొక్కడం రావాలి. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు 12,000, సహాయకుడికి 10,000 మూల భత్యంతో మొదలై పైన కరువు భత్యం కలుస్తుంది. పని రోజుకు నాలుగైదు గంటలే కాబట్టి పక్కన డిగ్రీ చదువుకోవచ్చు. అయితే ఇది పూర్తిస్థాయి కేంద్ర ఉద్యోగం కాదని తెలిసే చేరాలి. అగ్నివీర్‌కు ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత పరుగు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, పది పుల్ అప్స్‌కు 40. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరినే కొనసాగిస్తారు. కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, మగవాళ్లు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. రాష్ట్ర పోలీసుకు ఇంటర్ కావాలి. ఐటీఐ దారిలో పోయినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తిచేసుకుంటే ఆ తలుపూ తెరిచి ఉంటుంది.

కాగితాలు

సీట్లు, స్టైపెండ్లు ఆగిపోయేది ఎక్కువగా పేరు తేడా వల్ల. పది మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, లేదా పుట్టినతేదీ ఒక ఏడాది అటూఇటూ. మెమో మార్చడం కష్టం, హెడ్మాస్టరు నుంచి డీఈఓ ఆఫీసు దాకా తిరగాలి. మెమో ప్రకారం ఆధార్‌నే మార్చుకోండి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే, పేరు రెండుసార్లే మార్చనిస్తారు. కాబట్టి ఆ అవకాశాన్ని తొందరపడి వాడేయకుండా, మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి మార్పించండి.

కులం, ఆదాయ సర్టిఫికెట్లు, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఇవన్నీ ఫలితాలకు ముందే సిద్ధం చేసుకుంటే సచివాలయం దగ్గర వరుసలో నిలబడే పని ఉండదు. బడి మూతపడిందనో, వేరే జిల్లాలో చదివారనో ఒక్క తరగతి స్టడీ సర్టిఫికెట్ లేకపోతే స్థానికత తేలదు. బ్యాంకు ఖాతా పిల్లల పేరునే ఉండి ఆధార్‌తో అనుసంధానం కావాలి. ఖాతాకు ఆధార్ ఇవ్వడం ఒకటి, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలో పడేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయించడం ఇంకొకటి. బ్యాంకులో రెండోది జరిగిందా అని అడగండి.

దరఖాస్తు నెట్ సెంటర్లో చేయించినా ఫోను నంబరు మాత్రం ఇంటిదే ఇవ్వండి, రీఛార్జి ఆపకండి. షాపు నంబరు ఇస్తే ఓటీపీ, సీటు కబురు రెండూ ఆ షాపుకే పోతాయి. ఆ రోజు షాపు మూసి ఉంటే రిపోర్టింగు గడువు మీకు తెలియకుండానే దాటిపోతుంది. యూజర్ ఐడీ, పాస్‌వర్డు, హాల్‌టికెట్ నంబరు పిల్లల నోట్సు చివరి పేజీలో ఒకసారి, అమ్మానాయన దగ్గర కాగితం మీద ఇంకోసారి రాయించండి.